చోళమండలం: బాతిక్ గుడ్డలు అమ్మి నేల కొన్న చిత్రకారులు

చెన్నై నుంచి మహాబలిపురం వెళ్లే తూర్పు తీర రహదారి మీద, ఇంజంబాక్కం దగ్గర, చోళమండలం కళాకారుల గ్రామం ఉంది. మద్రాసుతో రాకపోకలున్న తెలుగువారిలో చాలామంది ఆ బోర్డును చూసే ఉంటారు, కొందరు లోపలికి వెళ్లి చెట్ల కింద నిలబెట్టిన రాతి శిల్పాల మధ్య కాసేపు తిరిగి వచ్చి ఉంటారు. అయితే ఆ నేల కళాకారుల చేతికి ఎలా వచ్చిందన్న సంగతి మనలో ఎక్కువమందికి తెలియదని నా అనుభవంలో గమనించాను. ప్రభుత్వమే స్థలం కేటాయించిందని కొందరూ, ఎవరో సంపన్నుడు విరాళంగా ఇచ్చి ఉంటాడని కొందరూ అనుకుంటారు. నిజానికి 30 మందికి పైగా చిత్రకారులూ శిల్పులూ ఒక సంఘంగా ఏర్పడి, సాయంత్రాలు చేతిపనులు చేసి, వాటిని అమ్మి, ఆ రాబడితో సుమారు 10 ఎకరాల నేల కొనుక్కుని 1966లో అక్కడ గ్రామం స్థాపించారు. ఆ సంఘం పేరు ఆర్టిస్ట్స్ హ్యాండీక్రాఫ్ట్స్ అసోసియేషన్.

చోళమండలం గురించి వచ్చిన వ్యాసాలలో చిత్రాల శైలి గురించి, మద్రాసు కళా ఉద్యమంలో, అంటే మద్రాసు చిత్రకారులూ శిల్పులూ తెచ్చిన ఆధునిక కళా ధోరణిలో, ఆ గ్రామానికి ఉన్న స్థానం గురించి విస్తారమైన చర్చ కనిపిస్తుంది. చేతిపనుల సంగతి మాత్రం ఒకటి రెండు వాక్యాలలో ముగిసిపోతుంది. నా దృష్టిలో ఆ గ్రామం అసలు చరిత్ర ఆ ఒకటి రెండు వాక్యాలలోనే ఉంది. ఆ చరిత్రను తెలుగులో కొంత వివరంగా రాయాలన్న కోరిక నాకు చాలాకాలంగా ఉంది.

ఈ కథకు మూలం మద్రాసు కళాశాలలో, అంటే చిత్రకళ, శిల్పం, చేతివృత్తులు నేర్పే మద్రాసు ఆర్ట్ స్కూలులో, ఉంది. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు సొంత ప్రయత్నంగా మొదలుపెట్టిన ఆ పాఠశాలను కొద్దికాలానికే ప్రభుత్వం తీసుకుంది. అప్పట్లో దాని ముఖ్యోద్దేశం పారిశ్రామిక కళలను నేర్పడం. కుండలు, లోహపు పని, చెక్కడం, నేత మొదలైనవే అక్కడి చదువు. 19వ శతాబ్దం చివరలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ ఆధ్వర్యంలో అల్యూమినియం పాత్రల తయారీ ఆ ఆవరణలోనే మొదలైందని, మన దేశంలో ఆ పరిశ్రమకు అదే నాంది అయిందని చెబితే ఈనాడు చాలామంది ఆశ్చర్యపోతారు. 1929లో దేవీప్రసాద్ రాయ్ చౌధురి అధిపతిగా వచ్చిన తరువాత చిత్రకళకూ శిల్పకళకూ ప్రాధాన్యం పెరిగింది. మెరీనా తీరంలో బండరాయిని కదిలిస్తున్న నలుగురు శ్రామికుల శిల్పం ఆయన చేసినదే. ఆయన కాలంలోనూ, ఆ తరువాతా చేతివృత్తుల విభాగాలు మూతపడలేదు. చిత్రకళ నేర్చే విద్యార్థికి పక్క గదిలోనే రంగుల అద్దకం చేసేవాడు, రాగిరేకు కొట్టేవాడు కనిపించేవారు. తరువాత జరిగినదానికి ఈ ఇరుగుపొరుగుతనమే పునాది అయిందని నేను నమ్ముతాను.

ఈ గ్రామం ఆలోచనకు మూలమైన చిత్రకారుడు కె.సి.ఎస్. పణికర్ 1911లో కోయంబత్తూరులో పుట్టారు. కొంతకాలం ఇతర ఉద్యోగాలు చేసి, పాతికేళ్ల వయసు వచ్చాక మద్రాసు కళాశాలలో విద్యార్థిగా చేరారు. తరువాత అక్కడే అధ్యాపకులై, 1957లో రాయ్ చౌధురి తరువాత ప్రిన్సిపల్ అయ్యారు. అంతకు చాలా ముందే, 1944లో, ఆయన చొరవతో మద్రాసులో ప్రోగ్రెసివ్ పెయింటర్స్ అసోసియేషన్ ఏర్పడింది. కళాకారులు ఒంటరిగా నెగ్గుకురాలేరని, నలుగురు కలిసి ప్రదర్శనలు పెట్టుకోవాలని, తమ గురించి తామే రాసుకోవాలని ఆయన గట్టిగా నమ్మినట్టు ఆయన చేసిన పనులన్నింటిలోనూ కనిపిస్తుంది. 1960ల మొదట్లో ఆ సంఘం తరఫున ఆర్ట్రెండ్స్ అనే పత్రిక కూడా వెలువడింది.

కానీ ప్రదర్శనలవల్ల పొట్ట గడవదు. 1960ల నాటి మద్రాసులో చిత్రాలు అమ్మిపెట్టే గ్యాలరీలు లేవని చెప్పినా పెద్ద తప్పు కాదు. కొనేవారు బొంబాయిలోనూ ఢిల్లీలోనూ ఉండేవారు, విమర్శకుల చూపు కూడా అటువైపే ఉండేది. కళాశాల నుంచి మంచి ప్రతిభతో బయటికి వచ్చిన యువకుడు ఏ బడిలోనో డ్రాయింగ్ మాస్టారుగానో, ప్రకటనల సంస్థలోనో, సినిమా బ్యానర్ల దగ్గరో కుదురుకుని, నాలుగైదేళ్లలో కుంచె పక్కన పెట్టేయడం సాధారణమైపోయింది. తాను పాఠం చెప్పిన పిల్లలు ఇలా కళకు దూరమైపోవడం పణికర్‌ను బాధించింది. ఆ బాధకు ఆయన వెతికిన పరిష్కారంలో సర్కారుకు అర్జీలు పెట్టుకోవడం లేదు, పోషకుల కోసం ఎదురుచూడటం లేదు. కళాకారుడు రోజులో కొంతసేపు చేతిపని చేసి తిండికి సరిపడా సంపాదించుకుంటే, మిగిలిన సమయంలో ఎవరి మెప్పు కోసమూ కాకుండా తన చిత్రం తాను గీసుకోవచ్చునన్నదే ఆయన ఆలోచన. ఇది విన్నంత సులువైన ఆలోచన కాదు. చేతిపని చేస్తే కళాకారుడి స్థాయి తగ్గిపోతుందని భావించే రోజులవి, ఈ రోజుల్లోనూ ఆ భావన పూర్తిగా పోలేదు.

ఆ విధంగా ఏర్పడిన హస్తకళా సంఘంలో పణికర్ శిష్యులు, కళాశాలతో సంబంధం ఉన్న మరికొందరు కళాకారులు సభ్యులయ్యారు. తరగతులు అయిపోయాక సాయంత్రాలు కూర్చుని పని చేసేవారు. తోలు వస్తువులు, మట్టి పాత్రలు, లోహపు పని ఇలా అనేకం చేశారు గాని, వారికి ఎక్కువ రాబడి తెచ్చిపెట్టింది మాత్రం బాతిక్. కరిగించిన మైనాన్ని కుంచెతో గుడ్డ మీద పూసి, ఆ గుడ్డను చల్లని రంగునీటిలో ముంచుతారు. మైనం ఉన్నచోట రంగు అంటదు. ఆరబెట్టి, మళ్లీ మైనం పూసి, మరింత ముదురు రంగులో ముంచుతారు. ఇలా లేత రంగు నుంచి ముదురు రంగుకు వరసగా వెళ్లి, చివరికి వేడినీళ్లలో ఉడికించి మైనాన్ని తీసేస్తారు. తేనెమైనంలో పారఫిన్ కలిపితే ఆరినప్పుడు అది పెళుసుబారి చిట్లుతుంది, ఆ పగుళ్లలోకి రంగు పాకి సన్నని గీతల వల ఏర్పడుతుంది. ఆ వల ఏ రెండు గుడ్డల మీదా ఒకేలా రాదు. గీత మీద పట్టు ఉన్న చిత్రకారులకు ఈ పద్ధతి అచ్చంగా నప్పింది, ఎందుకంటే ఇందులో అచ్చులూ యంత్రాలూ అక్కరలేదు, కుంచె పట్టే చేయి ఉంటే చాలు. మద్రాసు ఇళ్లలో గోడకు వేలాడదీసుకోవడానికీ, కట్టుకోవడానికీ జనం ఆ గుడ్డలు కొన్నారు. అమ్మకంలో ఒక భాగం చేసినవారికీ, మరొక భాగం సంఘం నిధికీ వెళ్లేది.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. మైనంతో రంగును అడ్డుకునే పద్ధతి ఈ తీరానికి కొత్తగా వచ్చినది కాదు. 17, 18 శతాబ్దాలలో మచిలీపట్నం నుంచి ఓడలకెక్కి పర్షియాకూ యూరప్‌కూ వెళ్లిన కలంకారీ అద్దకాలలో, నీలిమందు తొట్టిలో ముంచేముందు నీలం అంటకూడనిచోట మైనం పూసేవారు. కోరమాండల్ వస్త్రాలని ప్రపంచమంతా పేరు పడిన ఆ గుడ్డలు తెలుగు అద్దకపువారి చేతుల మీదుగా తయారైనవే. మద్రాసు కళాకారులు చేసినది జావా వైపు నుంచి ప్రచారంలోకి వచ్చిన బాతిక్ పద్ధతి, దానికీ మన కలంకారీకీ పనితీరులో తేడాలున్నాయి. అయినా ఇదే తీరంలో, మైనం పూసిన గుడ్డల రాబడితోనే, 20వ శతాబ్దంలో ఒక కళాకారుల గ్రామం లేచిందన్న విషయం నాకు ఎంతో తృప్తినిస్తుంది.

సంఘం నిధి పెరిగాక నేల కోసం వెతికారు. నగరంలో కొనే స్తోమత లేదు కనుక దక్షిణాన, అప్పటికి ఊరికి దూరంగా ఉన్న ఇంజంబాక్కంలో, ఇసుక నేల కొన్నారు. చోళుల ఏలుబడిని గుర్తుచేసే పేరు పెట్టారు. ఇప్పుడు రాత్రింబవళ్లు వాహనాలు పరుగులు తీసే ఆ దారి ఆనాడు లేదు. కొందరు మొదట పాకలు వేసుకున్నారు, తరువాత చేతనైనంతలో చిన్న చిన్న ఇళ్లు కట్టుకున్నారు. ఉమ్మడిగా వాడుకునే పనిశాల, ప్రదర్శనశాల, ఆరుబయట నాటకాలకూ కవితా పఠనాలకూ వేదిక క్రమంగా ఏర్పడ్డాయి. పణికర్ 1967లో ఉద్యోగ విరమణ చేసి అక్కడే ఉంటూ పని చేశారు. ఆయన చివరి దశలోని ప్రసిద్ధ చిత్రమాల 1963లో మొదలైంది. బీజగణితపు గుర్తులు, జాతకచక్రాల గళ్లు, మలయాళ లిపిని పోలిన చదవడానికి వీలుకాని రాత, వీటన్నింటినీ పాత తాళపత్రం మీద నింపినట్టు పరిచిన చిత్రాలవి. భారతీయుడు ఆధునిక చిత్రం వేయడానికి పారిస్ వైపు చూడనక్కరలేదన్న వాదన మాటల్లో చేసినవారు చాలామంది ఉన్నారు, ఆయన దాన్ని గీతలో చేసి చూపించారు.

గ్రామంలో ఉన్నవారిలో నాకు ప్రత్యేకంగా చెప్పాలనిపించేవారు కొందరున్నారు. మైసూరులో పుట్టిన ఎస్.జి. వాసుదేవ్, ఆయన భార్య, చిత్రకారిణి అర్నవాజ్, చిత్రాలతో పాటు రాగిరేకు మీద ఉబ్బెత్తు బొమ్మలు చేసేవారు. వాసుదేవ్‌తో మనకు ఒక అనుబంధం ఉంది. నెల్లూరు నుంచి వచ్చిన మన కవి పఠాభి, అంటే తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి, 1970లో కన్నడంలో తీసిన ‘సంస్కార’ సినిమాకు కళా దర్శకుడు వాసుదేవే. తెలుగు కవి, కన్నడ కథ, మద్రాసు తీరంలోని చిత్రకారుడు కలిసి పనిచేసిన ఆ కాలంలో భాషల మధ్య గోడలు ఇప్పుడున్నంత ఎత్తుగా లేవేమో. 1988లో అర్నవాజ్ మరణించిన తరువాత వాసుదేవ్ బెంగళూరుకు వెళ్లిపోయారు. జె. సుల్తాన్ అలీ అంతకుముందు మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ పాఠశాలలో కళ బోధించారు, ఢిల్లీలో లలిత కళా అకాడమీలో పనిచేశారు, ఆ తరువాత చోళమండలం చేరారు. గిరిజన కళ ప్రభావంతో ఆయన గీసిన ఎద్దులనూ దేవతారూపాలనూ ఒకసారి చూస్తే మరిచిపోవడం కష్టం. అనిలా జేకబ్ శిల్పి. ఆ రోజుల్లో ఒక స్త్రీ శిల్పకళనే జీవనంగా ఎంచుకోవడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు, ఆమెకు ఆ గ్రామం చోటిచ్చిందన్నది సంఘం చేసిన మంచి పనుల్లో ఒకటిగా నేను లెక్కిస్తాను. వి. విశ్వనాథన్, అక్కితం నారాయణన్ 1960ల చివరలోనే పారిస్ వెళ్లి అక్కడ స్థిరపడ్డారు.

కె. రామానుజం గురించి కొంచెం ఆగి చెప్పాలి. మానసిక అస్వస్థతతో జీవితమంతా పెనుగులాడిన ఈ యువకుడిలోని ప్రతిభను పణికర్ గుర్తించి దగ్గరికి తీశారు. సిరాతో, నూలుపోగులంత సన్నని గీతలను ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ రామానుజం సృష్టించిన నగరాలు ఈ లోకంలో ఎక్కడా లేవు. గోపురాలు, మెట్లు, పాములు, రెక్కల జంతువులు, వాటి నడుమ టోపీ పెట్టుకుని తిరిగే ఒక మనిషి. ఆ మనిషి అతడేనని అంటారు. 1973లో రామానుజం ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి అతడికి 30 ఏళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. చుట్టూ తోటి కళాకారులున్నా, తలదాచుకునే చోటున్నా ఆ ప్రాణం నిలవలేదు. సంఘం ఒక మనిషికి ఇవ్వగలిగినవి ఉంటాయి, ఇవ్వలేనివీ ఉంటాయి. అయితే ఆ గ్రామమే లేకపోతే అతడి చిత్రాలలో ఇన్ని మనదాకా వచ్చేవా అని ఆలోచించినప్పుడు, ఆ ఆశ్రయం విలువ నాకు అర్థమవుతుంది.

మద్రాసు ఉద్యమానికి చెందిన తెలుగువారందరూ చోళమండలంలో ఇల్లు కట్టుకోలేదు. గుడివాడ నుంచి వచ్చి పణికర్ దగ్గర చదివిన ఎస్.వి. రామారావు లండన్ వెళ్లిపోయారు. పురాణ దేవతలను తనదైన గీతతో చిత్రించిన ఎం. రెడ్డెప్పనాయుడు మద్రాసులోనే చేనేత కార్మికుల సేవా కేంద్రంలో పనిచేశారు. ఆ కేంద్రంలో చిత్రకారుడు నేతగాడి కోసం నమూనాలు గీస్తాడు. అక్కడా చేతిపనే కళకు ఆధారమైందన్నది గమనించదగిన విషయం. మద్రాసు చిత్రకారుల్లో గీతకు, అలంకరణకు అంత ప్రాధాన్యం ఎందుకు వచ్చిందని విమర్శకులు దశాబ్దాలుగా చర్చించారు. గుడి గోపురాలు, కోలాలు అనే తమిళ ముగ్గులు, పంచలోహ విగ్రహాలు కారణమన్నారు. అవి నిజమే కావచ్చు. కానీ ఏళ్ల తరబడి మైనం కుంచెతో గుడ్డమీద ఆగకుండా గీత లాగిన చేయి, కాన్వాసు ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఆ అలవాటును వదిలేస్తుందా? పణికర్ కుమారుడు, శిల్పి ఎస్. నందగోపాల్ రాగి, ఇత్తడి రేకులను కత్తిరించి, అతికించి, ఎదురుగా నిలబడి చూసేటట్టు చేసిన శిల్పాలలో నగలు చేసేవారి, కంచరివారి పనితనం స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే చోళమండలంలో చేతిపని ఒక రాబడి మార్గంగా మొదలై, కళలోకే ఇంకిపోయిందని నేను అనుకుంటున్నాను.

పణికర్ 1977లో మరణించారు. ఒక వ్యక్తి చుట్టూ అల్లుకున్న సంఘాలు ఆ వ్యక్తి పోయాక చెదిరిపోవడం మనం చూస్తూనే ఉంటాం. ఇలాంటి సందర్భంలో తెలుగువాడికి రాజమండ్రి గుర్తుకు రాక మానదు. దామెర్ల రామారావు 1925లో మశూచితో, 28 ఏళ్లైనా నిండకుండా చనిపోయారు. ఆయన స్థాపించిన చిత్రకళాశాలనూ ఆయన చిత్రాలనూ మిత్రుడు వరదా వెంకటరత్నం, కుటుంబసభ్యులూ కంటికి రెప్పలా కాపాడబట్టే ఈనాడు అక్కడ దామెర్ల పేరిట చిత్రశాల ఉంది. అది ప్రధానంగా స్నేహం నిలబెట్టిన సంస్థ. చోళమండలాన్ని నిలబెట్టినది మరొకటి. నేల సభ్యులదే. ఇళ్లు వారు కట్టుకున్నవే. ఎవరి దయ మీదా బతకని ఆస్తి చేతిలో ఉండబట్టి, నాయకుడు పోయినా, అభిప్రాయభేదాలు వచ్చినా, కొందరు విడిచి వెళ్లినా, గ్రామం కదలలేదు. తరువాతి కాలంలో నందగోపాల్ 2017లో తాను మరణించేవరకూ సంఘం బాధ్యతలు మోశారు.

కాలం గడిచిన కొద్దీ చిత్రాలకూ శిల్పాలకూ కొనుగోలుదారులు పెరిగారు, చేతిపనుల మీద ఆధారపడే అవసరం తగ్గింది, బాతిక్ పని క్రమంగా వెనకబడింది. దీనికి ఎవరినీ తప్పుపట్టలేం, ఎందుకంటే కళాకారుడు కళతోనే బతకగలగాలన్నదే మొదటి కోరిక. అయితే ఆ పనితోపాటు, రోజూ ఒకే పనిశాలలో పక్కపక్కన కూర్చునే అలవాటు కూడా తగ్గిందనడంలో సందేహం లేదు. ఇంతలో తూర్పు తీర రహదారి విశాలమైంది. చుట్టూ విలాస గృహాలు, రెస్టారెంట్లు, వినోద కేంద్రాలు వచ్చాయి. 2011లో ఇంజంబాక్కం చెన్నై కార్పొరేషన్‌లో కలిసింది. ఒకప్పుడు ఎవరూ కోరుకోని ఇసుక నేల ఇప్పుడు ఏ యువ కళాకారుడికీ అందని ధర పలుకుతోంది. చోళమండలం లాంటి గ్రామాన్ని ఇప్పుడు కొత్తగా స్థాపించాలనుకునేవారు అదే తీరంలో నాలుగు గుంటలు కూడా కొనలేరు.

2009లో ఆ ఆవరణలో సమకాలీన కళా కేంద్రం తెరిచారు. మద్రాసు ఉద్యమానికి చెందిన చిత్రకారుల, శిల్పుల పనులను ఒకేచోట చూడటానికి ఇంతకన్నా మంచి మ్యూజియం నాకు తెలియదు. బయటి కళాకారులకు అద్దెకిచ్చే ప్రదర్శనశాలలు కూడా అక్కడ ఉన్నాయి. మ్యూజియం చూడటానికి వెళ్లేవారు నేరుగా చిత్రాల దగ్గరికి పోకుండా, ముందు ఆరుబయట శిల్పాలు చూసి, తరువాత పణికర్ గీతలను, రామానుజం నగరాలను తీరికగా చూడమని నా సలహా. సెలవుదినాల రద్దీ లేని ఉదయం పూట అయితే మరీ మంచిది.

నాకు మిగిలిన కోరిక ఒకటుంది. 1960లలో, 70లలో ఆ సంఘం అమ్మిన బాతిక్ గుడ్డలు, తోలు సంచులు, మట్టి పాత్రలు మద్రాసులోని ఇళ్లలో, బీరువాల్లో ఇంకా కొన్ని ఉండే ఉంటాయి. అప్పట్లో మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో కూడా వాటిని కొన్నవారు ఉండవచ్చు. ఆ కళాకారుల చిత్రాలకు జాబితాలు, పుస్తకాలు వచ్చాయి గాని, ఆ నేలను కొనిపెట్టిన వస్తువులకు అలాంటి జాబితా నా కంటపడలేదు. మీ అమ్మమ్మగారి పెట్టెలోనో, మామ్మగారి గోడమీదో అలాంటి గుడ్డ ఉంటే, మైనపు పగుళ్ల గీతలు కనిపించేటట్టు వెలుతురులో ఫొటో తీసి, ఎప్పుడు, ఎక్కడ, ఎంతకు కొన్నారో ఇంట్లో పెద్దలను అడిగి రాసిపెట్టండి. పాత గుడ్డ కనుక మడతల మీద చిరుగుతుంది, మడవకుండా గొట్టానికి చుట్టి, ఎండ తగలనిచోట దాచండి.